బండ కింద మిషన్.. దాని కోసం మళ్లీ మనుషులా? శ్రీరాంపూర్ బాయిల్లో అసలు లెక్క ఇదీ!

శ్రీరాంపూర్ (మంచిర్యాల జిల్లా): బొగ్గు బాయిలో బండ కూలింది. మనుషులు తృటిలో తప్పించుకున్నారు. పది టన్నుల లోడర్ మిషన్ మాత్రం సగం బండ కింద ఉండిపోయింది. ఇప్పుడేం చేయాలి? వదిలేయాలా? తీయాలా? తీస్తే ఎవరు తీయాలి?

అండర్‌గ్రౌండ్ గనుల్లో ఈ ప్రశ్న పాతదే. కానీ టీవీ తెర మీద ఎప్పుడూ కనిపించదు. మనిషి చనిపోతే బ్రేకింగ్ వస్తుంది, గని ముందు లైవ్ నడుస్తుంది, నాయకులు వస్తారు. ఎవరికీ దెబ్బ తగలకుండా మిషన్ ఒక్కటే ఇరుక్కుంటే అది వార్తే కాదు. ఆ మిషన్ కోసం తర్వాతి షిఫ్టులో అదే రూఫ్ కిందికి కొందరు వెళ్తారు. ప్రమాదం జరిగిన చోటుకి రెండోసారి వెళ్లే ఆ మనుషుల గురించే ఈ కథనం.

నవంబర్ 10, 2021.. ఎవరు చనిపోయారు?

శ్రీరాంపూర్ అంటే సింగరేణిలో పెద్ద ఏరియా. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నప్పటి నుంచీ ఇక్కడ బతుకంతా బాయిల చుట్టే. ఆర్కే గనులు, ఎస్సార్పీ గనులు, ఇటు ఓపెన్‌కాస్ట్. షిఫ్ట్ సైరన్‌ను బట్టి ఇళ్లలో పొయ్యి వెలిగే ఊళ్లు ఇవి.

2021 నవంబర్ 10, బుధవారం. ఎస్సార్పీ-3, 3ఏ గనిలో పైకప్పు కూలింది. నలుగురు కార్మికులు అక్కడికక్కడే చనిపోయారు. వాళ్లలో టింబర్‌మన్లు ఉన్నారు, బదిలీ వర్కర్లు ఉన్నారు. బండ తొలగించి మృతదేహాలను బయటికి తెచ్చేసరికి గంటలు పట్టింది. యాజమాన్యం నిర్లక్ష్యమే కారణమని కార్మిక సంఘాలు ఆందోళనకు దిగాయి.

ఇక్కడ ఒక్క మాట గమనించాలి. టింబర్‌మన్ పని ఏంటి? రూఫ్‌కి సపోర్ట్ పెట్టడం. అంటే మిగతా వాళ్లు కిందికి వచ్చే ముందు, రూఫ్ ఇంకా నిలబడిందో లేదో తేలకముందే అక్కడ ఉండాల్సిన మనిషి. బొగ్గు తవ్వేవాడి కంటే, మిషన్ నడిపేవాడి కంటే ముందు వరస అతనిదే. బండ కూలి మిషన్ ఇరుక్కుంటే మొదట పిలుపు వచ్చేది కూడా అతనికే. ఎందుకంటే మిషన్ తీయడం అంటే సగం పని తాడు కట్టి లాగడం కాదు, మళ్లీ సపోర్ట్ పెట్టుకుంటూ పోవడం. అది కూడా ఒకసారి కూలిన చోట, పగుళ్లు ఎంత లోపలికి పాకాయో పైకి కనిపించని చోట.

సింగరేణికి ఇలాంటి చేదు తేదీలు ఇంకా ఉన్నాయి. 2003 జూన్ 16న గోదావరిఖని జీడీకే-7 ఎల్‌ఈపీలోకి పాత గనుల నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్ 16న జీడీకే-8ఏలో బండ కూలి 10 మంది పోయారు. ఒకటి నీళ్లు, ఒకటి బండ. బొగ్గు బాయిలో సీనియర్ కార్మికులు కొత్తవాళ్లకు భయం చెప్పాలంటే ఈ రెండు పేర్లూ చాలు.

బండ బరువు ఎంతో తెలుసా?

చూసే జనానికి ఈ లెక్క తెలియాలి. అండర్‌గ్రౌండ్‌లో గ్యాలరీ, అంటే మనుషులు, మిషన్లు తిరిగే సొరంగ దారి, మామూలుగా నాలుగు మీటర్ల అటూ ఇటూ వెడల్పు ఉంటుంది. పైన ఒక్క మీటర్ మందం బండ, నాలుగు మీటర్ల పొడవునా ఊడిపడిందనుకోండి. పదహారు ఘనపు మీటర్లు. ఘనపు మీటర్ ఇసుకరాయి రెండు టన్నుల పైమాటే. మొత్తం దాదాపు 35 టన్నులు. రోడ్డు మీద నిండా లోడైన లారీ బరువు. అదీ చిన్న ఫాల్ కిందే లెక్క.

దాని కింద ఉండేది ఎక్కువగా ఎస్‌డీఎల్. సైడ్ డిశ్చార్జ్ లోడర్. ముందు బకెట్, కింద ట్యాంకుకు ఉన్నట్టు చైన్ ట్రాక్, వెనక తోకలా కరెంట్ కేబుల్. పేలుడు తర్వాత రాలిన బొగ్గును ఎత్తి పక్కకు తిప్పి కన్వేయర్ మీదో, టబ్బుల్లోనో పోసే మిషన్. ఒకప్పుడు తట్టలతో ఫిల్లర్లు చేసిన పని ఇది. సింగరేణి అండర్‌గ్రౌండ్ గనుల్లో ఇప్పుడు చాలా బొగ్గు వీటి మీద, వీటి అన్నలాంటి ఎల్‌హెచ్‌డీల మీదే కదులుతోంది.

మరి ఇవి ఎక్కడ ఇరుక్కుంటాయి? పిల్లర్లు తీసే చోట. బాయిలో మొదట బొగ్గును పిల్లర్లుగా వదిలి దారులు చేస్తారు. తర్వాత వెనక్కి వస్తూ ఆ పిల్లర్లను కూడా కోసేస్తారు. కోసేసిన ఖాళీని గోఫ్ అంటారు. గోఫ్‌లో రూఫ్ కూలాల్సిందే, కూలకపోతేనే ఇంకా ప్రమాదం. ఆ కూలే చోటుకు, మిషన్ పనిచేసే చోటుకు మధ్య దూరం కొన్ని మీటర్లే. గోఫ్ అంచున పనిచేసే లోడర్ ఒక్క నిమిషం ఆలస్యంగా వెనక్కి వచ్చిందా, అంతే.

తీయడం ఎలా? ఇక్కడే అసలు కథ

ముందు కరెంట్ కట్. కేబుల్ బండ కింద నలిగి ఉంటుంది. ఎక్కడ తెగిందో, ఎక్కడ తొక్క ఊడిందో కనిపించదు. దాన్ని అవతలి నుంచి పూర్తిగా విడదీసి, తాళం వేసి, ఎవరూ మళ్లీ స్విచ్ వేయకుండా చూస్తేనే తర్వాతి అడుగు.

తర్వాత గ్యాస్. బండ కూలిన చోట పైన గుమ్మటంలా ఖాళీ ఏర్పడుతుంది. మీథేన్ గాలి కంటే తేలిక, ఆ గుమ్మటంలోకి ఎక్కి కూర్చుంటుంది. కింద నిలబడి మీటర్ చూస్తే సున్నా చూపించొచ్చు, పైన మాత్రం నిండా ఉండొచ్చు. అందుకే కర్రకు కట్టి పైకి ఎత్తి పరీక్షిస్తారు. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే కరెంట్ ఉండకూడదు, మనుషులూ ఉండకూడదు. ఇదీ రూల్.

మూడోది రూఫ్‌ని కొట్టి చూడటం. ఇది పుస్తకంలో ఒక లైన్, బాయిలో ఒక విద్య. గడ్డపారతో కప్పు మీద తడితే గట్టి బండ ఖణీమంటుంది, ఊడిన బండ డొల్లగా మోగుతుంది. ఆ తేడా చెవికి పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. ఊగుతున్న ముక్కలను పొడవాటి పారతో, తను మాత్రం సపోర్ట్ ఉన్న చోటే నిలబడి, కిందికి దించాలి. దీన్నే డ్రెస్సింగ్ అంటారు.

అప్పుడు మొదలవుతుంది సపోర్ట్. ఒక అడుగు ముందుకి, ఒక సపోర్ట్. మళ్లీ ఒక అడుగు. చెక్క దుంగలను అడ్డంగా నిలువుగా పేర్చి గూడులా కట్టేది ఒకటి, దాన్ని చాక్ అంటారు. నిలువు ప్రాప్‌లు, అడ్డంగా ఇనుప బార్లు ఇంకోటి. రూఫ్‌లోకి రంధ్రం చేసి సిమెంట్ క్యాప్సూల్ పెట్టి బిగించే రూఫ్ బోల్టులు మరోటి. చెక్కకు ఒక గుణం ఉంది, ఒత్తిడి పెరిగితే అది కిర్రుమంటుంది. పాత కార్మికులు ఆ చప్పుడు వినే పరుగెత్తి బతికారు. ఇనుప బోల్టు అలా చప్పుడు చేయదు.

బోల్టు విషయంలో ఇంకో సంగతి ఉంది, టైమ్. సిమెంట్ బోల్టు పెట్టగానే పట్టు రాదు. అరగంటకు 3 టన్నులు, రెండు గంటలకు 5 టన్నుల బరువు ఆపగలగాలన్నది గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్ లెక్క. అంటే వరుస బోల్టులు వేశాక ఆగాలి. టీ తాగి రావాలి. మిషన్ అవతల కళ్లకు కనిపిస్తూ ఉంటుంది, ఇంకో మూడు మీటర్లు పోతే బకెట్ అందుతుంది, షిఫ్ట్ టార్గెట్ నెత్తిన ఉంటుంది. ఆ రెండు గంటలు ఎవరైనా ఆగుతారా లేదా అన్నదే అసలు పరీక్ష. బాయిలో చాలాసార్లు రికవరీ పని గెలిచేదీ ఓడేదీ ఈ ఆగే దగ్గరే.

బండను పగలగొట్టి, తీసి, మిషన్ చుట్టూ దారి చేశాక తాడు. ఇనుప వైర్ రోప్‌ను ఎక్కడ పడితే అక్కడ తగిలించకూడదు, మిషన్ చాసిస్‌లో లాగడానికి ఉన్న చోటే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి మిషన్లలో హైడ్రాలిక్ ప్రెషర్ పోతే బ్రేకులు వాటంతట అవే పడిపోయేలా చేస్తారు. మామూలు రోజున అది భద్రత. ఇరుక్కున్న రోజున మాత్రం అదే మిషన్‌ను నేలకు పాతేసినట్టు చేస్తుంది. ఫిట్టర్ ఎవరో ఒకరు మిషన్ దగ్గరికి పాక్కుంటూ పోయి బ్రేక్ విడిపించాలి. మొత్తం ఆపరేషన్‌లో అతి ప్రమాదకరమైన పావుగంట అదే కావచ్చు.

ఇక లాగుడు. హాలేజ్ ఇంజిన్‌తోనో, వెనక ఉన్న ఇంకో మిషన్‌తోనో. బిగిసిన వైర్ రోప్ తెగితే కొరడాలా తిరుగుతుంది, మనిషి కాలు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే తాడు పొడవునా, మలుపు లోపలి వైపున ఒక్క మనిషి ఉండకూడదు. సిగ్నల్ ఇచ్చేది ఒక్కడే. ఇద్దరు అరిస్తే ఒకరి మాట ఇంకొకరిది అనుకునే ప్రమాదం ఉంటుంది.

మరి గ్యాస్ కట్టర్‌తో కోసి ముక్కలుగా తేలేరా అన్న ప్రశ్న వస్తుంది. బయట అయితే ఆ పని గంటలో అయిపోతుంది. బొగ్గు బాయిలో నిప్పురవ్వ అంటేనే వణుకు. మీథేన్, బొగ్గు ధూళి రెండూ ఉన్న చోట వెల్డింగ్‌కి, కటింగ్‌కి ప్రత్యేక పర్మిషన్ కావాలి, నీళ్లు, రాతిపొడి సిద్ధంగా ఉండాలి. అందుకే ఇక్కడ ఎక్కువగా నట్లు విప్పుకుంటూ పోవడమే.

రూల్ ఏం చెబుతోంది?

2021లో శ్రీరాంపూర్ ప్రమాదం నాటికి అమల్లో ఉన్నది 1952 నాటి మైన్స్ యాక్ట్. ప్రాణం పోయినా, తీవ్రంగా గాయమైనా ప్రమాద స్థలాన్ని ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా కదపొద్దని అందులోని సెక్షన్ 23 చెప్పింది. మినహాయింపులు కొన్నే. మరో ప్రమాదం జరగకుండా ఆపడానికి, మృతదేహాలు తీయడానికి, ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను కాపాడటానికి. చివర్లో ఇంకోటి ఉంది, ఆ చోట పని ఆగితే గని నడక తీవ్రంగా దెబ్బతింటుందనుకున్నప్పుడు. 72 గంటల్లో ఇన్‌స్పెక్టర్ రాకపోతే పని మొదలుపెట్టుకోవచ్చు.

గమనించారా? మిషన్ తీయడం అన్న మాట ఆ మినహాయింపుల్లో నేరుగా ఎక్కడా లేదు. ఉన్నదల్లా 'గని నడక' అన్న ఆ చివరి వాక్యం. అదే ఎంత వెడల్పు తలుపో ఆలోచించుకోవచ్చు. ఆ మిషన్ లేకపోతే ప్రొడక్షన్ ఆగుతుందని ఎవరైనా అనొచ్చు, అది అబద్ధం కూడా కాకపోవచ్చు. చట్టం మృతదేహాన్ని, మిషన్‌ను ఒకే వరసలో పెట్టలేదు. ఆచరణలో ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో చెప్పేది ఆ రోజు అక్కడున్న మేనేజర్.

ఇప్పుడు ఆ పాత చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది, 2025 నవంబర్ 21 నుంచి. చట్టం పేరు మారినా బాయిలో రూఫ్ మాత్రం పాతదే.

ఎవరికీ గాయం కాని ఫాల్‌లో పరిస్థితి ఇంకా సున్నితం. రెస్క్యూ స్టేషన్ సైరన్ మోగదు. రెస్క్యూ టీమ్ శిక్షణంతా ప్రాణాలు కాపాడటానికి, మంటలు, విషవాయువులు ఉన్న చోటుకు వెళ్లడానికి. మిషన్ తీసేది మాత్రం రోజూ పనికి వచ్చే సపోర్ట్‌మెన్, ఫిట్టర్లు, ఆపరేటర్లే. అదే మస్టర్, అదే షిఫ్ట్. రిస్క్ మాత్రం మామూలు రోజుది కాదు.

ఆడ్రియాల చెప్పిన పాఠం

శ్రీరాంపూర్ ఘటన జరిగిన నాలుగు నెలలకే గోదావరి అవతలి ఒడ్డున, రామగుండం ప్రాంతంలో ఇంకోటి. 2022 మార్చి 7. ఆడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో పైకప్పు కూలింది. కొందరు బయటపడ్డారు, ఒకరిని మరుసటి రోజు ప్రాణాలతో తెచ్చారు. ముగ్గురు చనిపోయారు. ఒకరు అసిస్టెంట్ మేనేజర్, ఒకరు కాంట్రాక్ట్ కార్మికుడు, ఇంకొకరు ఏరియా సేఫ్టీ ఆఫీసర్. భద్రత చూడాల్సిన అధికారే బండ కింద పోయాడు. రూఫ్‌కి హోదా తెలియదన్న మాట ఆ రోజు గోదావరిఖని వీధుల్లో అందరికీ అర్థమైంది.

ఆడ్రియాల మామూలు బాయి కాదు. 250 మీటర్ల పొడవు ఫేస్, వందల కోట్ల విలువైన విదేశీ మిషనరీ. అక్కడ రూఫ్‌ని మోసేది పెద్ద పెద్ద హైడ్రాలిక్ షీల్డులు, ఒక్కోటి పదుల టన్నులు. లాంగ్‌వాల్‌లో ఫేస్ ఆగిపోతే ఒక భయం ఉంటుంది. రూఫ్ ఒత్తిడికి షీల్డు కిందికి దిగి దిగి, చివరికి ఇక దిగడానికి చోటు లేక ఇనుపకట్టులా బిగుసుకుపోతుంది. అలా బిగిసిన షీల్డును తీయాలంటే కింద నేలనో, పైన కప్పునో తవ్వాలి. కప్పు తవ్వడమంటే తెలిసిందే.

దేశం ఈ దెబ్బ రెండుసార్లు తిన్నది. 1990లో ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలోని చుర్చా గనిలో, 1997లో బెంగాల్ వైపు కొట్టాడీ గనిలో లాంగ్‌వాల్ సపోర్టులు రూఫ్ ఒత్తిడికి కుప్పకూలాయి. కోట్ల రూపాయల మిషనరీ నలిగిపోయింది. లాంగ్‌వాల్ అంటే మన దేశంలో చాలాకాలం వెనకడుగు వేయడానికి ఆ రెండూ పెద్ద కారణాలు. అంటే మిషన్ పోతే ఒక్క మిషన్ పోదు, దాంతో పాటు ఒక పద్ధతి మీద నమ్మకమూ పోతుంది. మేనేజ్‌మెంట్ మిషన్ కోసం ఎందుకంత పట్టుబడుతుందో అర్థం కావాలంటే ఇది కూడా చూడాలి. అది ఒట్టి పిసినారితనమే అని కొట్టిపారేయలేం.

ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్.. తెలంగాణ కళ్లారా చూసిన రికవరీ

భారీ మిషన్‌ను ప్రమాదం నుంచి తీయడం ఎంత కష్టమో సామాన్య జనం చూసింది మాత్రం బొగ్గు బాయిలో కాదు, నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర. 2025 ఫిబ్రవరి 22 ఉదయం ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలింది. లోపలికి దాదాపు 14 కిలోమీటర్ల దూరంలో. ఎనిమిది మంది చిక్కుకున్నారు.

అక్కడ దారికి అడ్డంగా ఉన్నది రాయి ఒక్కటే కాదు. టన్నెల్ బోరింగ్ మిషన్. వంద మీటర్లకు పైగా పొడవున్న ఇనుప పాము. ముందు భాగం బురదలో కూరుకుపోయింది, వెనక భాగం మెలికలు తిరిగింది, నిమిషానికి వేల లీటర్ల ఊట. మనుషుల దగ్గరికి చేరాలంటే మిషన్‌ను కోయాల్సిందే. ఆర్మీ, ఎన్‌డీఆర్‌ఎఫ్, రైల్వే, ర్యాట్ మైనర్స్ అందరితో పాటు అక్కడికి వెళ్లిన వాళ్లలో సింగరేణి రెస్క్యూ టీమ్ కూడా ఉంది. బొగ్గు బాయిలో బండ కింద పాకడం నేర్చినవాళ్లు కృష్ణా నది పక్కన సొరంగంలో బురదలో పాకారు.

గ్యాస్, ప్లాస్మా కట్టర్లతో మిషన్‌ను ముక్కలు చేశారు. లోకో ట్రైన్ మీద బయటికి తెచ్చారు. కన్వేయర్ బెల్టు బాగుచేశారు. మార్చి 9న ఒక మృతదేహం దొరికింది, మార్చి 25న రెండోది. దాదాపు రెండు నెలల తర్వాత ఆపరేషన్ ఆగింది. చివరి కొన్ని పదుల మీటర్లలోకి పోతే మళ్లీ కూలే ముప్పు ఉందని నిపుణులు తేల్చారు. అప్పటికి ఆరుగురి ఆచూకీ దొరకలేదు.

ఇది నోటితో చెప్పినంత తేలికైన నిర్ణయం కాదు. ఆరు కుటుంబాలు బయట ఎదురుచూస్తున్నాయి. అయినా ఒక గీత గీసి, ఇక్కడి నుంచి ముందుకి ఎవరూ పోవద్దని రాతపూర్వకంగా చెప్పారు. మనుషుల కోసమే అలాంటి గీత గీయగలిగినప్పుడు మిషన్ కోసం గీయలేమా? శ్రీరాంపూర్‌లో, మందమర్రిలో, రామగుండంలో అడగాల్సిన ప్రశ్న అదే.

అంతకు ముందు 2023 నవంబర్‌లో ఉత్తరాఖండ్ సిల్క్యారా టన్నెల్‌లోనూ ఇదే కథ. 41 మందిని బయటికి తేవడానికి పంపిన ఆగర్ మిషనే పైపులో విరిగి ఇరుక్కుంది. కాపాడాల్సిన మిషన్‌ను ముందు తీయాల్సి వచ్చింది. దాన్ని కోయడానికి ప్లాస్మా కట్టర్ మన హైదరాబాద్ నుంచే విమానంలో వెళ్లింది. చివరి మీటర్లు మాత్రం చేతితో తవ్వారు. నవంబర్ 28న 41 మందీ క్షేమంగా వచ్చారు.

ఓపెన్‌కాస్ట్‌లో వేరే చిక్కు

సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్ట్‌ల నుంచే. అక్కడ మిషన్ అంటే లోడర్ కాదు, ఇల్లంత డంపర్, రెండంతస్తుల షావెల్. బండకు బదులు మట్టి కుప్ప జారుతుంది. 2016 డిసెంబర్ 29న జార్ఖండ్ లాల్‌మటియాలో అలా జారిన మట్టి కింద డంపర్లు, ఎక్స్‌కవేటర్లతో సహా మనుషులు పూడిపోయారు, 23 మంది చనిపోయారు. ఇక్కడ రూల్ ఒక్కటే గుర్తుంచుకోవాలి. జారిన కుప్ప కాళ్ల దగ్గర మట్టి తవ్వితే పైది మళ్లీ జారుతుంది. కాబట్టి పైనుంచి కిందికి మెట్లుగా తీసుకుంటూ రావాలి. వానాకాలంలో నల్లరేగడి కలిసిన కుప్పల దగ్గర అయితే ఎండే దాకా ఆగడమే మేలు.

మనిషి లేకుండా తీయలేమా?

కొంతవరకు తీయొచ్చు. సింగరేణికి ఇది కొత్త కూడా కాదు. 1980ల చివర్లో ఫ్రెంచ్ పరిజ్ఞానంతో వచ్చిన బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతిలో రిమోట్‌తో నడిచే ఎల్‌హెచ్‌డీలు వాడారు. ఆపరేటర్ సపోర్ట్ ఉన్న చోట నిలబడి ఉంటాడు, మిషన్ ఒక్కటే సపోర్ట్ లేని చోటుకు పోయి బొగ్గు తెస్తుంది. బండ పడితే మిషన్ మీద పడుతుంది. మనిషి విలువను, మిషన్ విలువను ఎటు పెట్టాలో తేల్చి చెప్పిన పద్ధతి అది.

కానీ అలాంటి రిమోట్ మిషన్ ఇరుక్కున్నప్పుడు దాన్ని తెచ్చేది ఎవరు? మళ్లీ మనిషే. పాయింట్ అక్కడే ఉంది. రిమోట్ బొగ్గు తీయడానికి కొన్నారు, రికవరీకి కాదు. ముందే మిషన్ వెనక లాగే తాడు కట్టి ఉంచడం, బ్రేకులు దూరం నుంచే విడిపించే ఏర్పాటు, రూఫ్ బోల్టు వేసే మిషన్‌కి మనిషి మీద కాపు ఉండటం లాంటివి పెద్ద రాకెట్ సైన్స్ కాదు. మిషన్ ఆర్డర్ పెట్టేటప్పుడే అడగాల్సినవి. రూఫ్ ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూపించే టెల్‌టేల్ పరికరాలు చాలా గనుల్లో ఉన్నాయి. వాటి రీడింగ్ రికవరీ మొదలయ్యే ముందు చూశారా, మధ్యలో చూశారా, పెరుగుతుంటే పని ఆపారా అన్నదే ముఖ్యం.

ఇంకో మాట కూడా ఉంది. గోఫ్‌లో ఎక్కువ రోజులు గాలి తగిలిన బొగ్గు దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. అందుకే ప్యానెల్‌ను గడువులోగా మూసి సీల్ వేయాలి. మిషన్ కోసం ఆగితే ఆ గడువు దాటొచ్చు, బండకు తోడు నిప్పు వస్తుంది. అప్పుడు మిషన్‌ను లోపలే వదిలి గోడ కట్టేయడం తప్ప మార్గం ఉండదు. మిషన్ తీయడం కుదరదని తేలే రోజు ఏదో ముందే క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలన్న మాట అందుకే.

మరి 'వద్దు' అనేది ఎవరు?

కాగితం మీద చాలామందే ఉన్నారు. ప్రమాదకరమనిపిస్తే మనుషులను వెనక్కి పిలవాల్సిన బాధ్యత సర్దార్‌ది, ఓవర్‌మన్‌ది. 1955 నాటి మైన్స్ రూల్స్ ప్రకారం 500 మందికి పైగా పనిచేసే గనిలో కార్మికుల తరఫున ముగ్గురు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉండాలి. మైనింగ్‌కి ఒకరు, ఎలక్ట్రికల్‌కి ఒకరు, మెకానికల్‌కి ఒకరు. సేఫ్టీ కమిటీ ఉండాలి. రికవరీ పనికి ఈ మూడు విద్యలూ కావాలి. రూఫ్ చూసేది ఒకరు, కేబుల్ చూసేది ఒకరు, బ్రేకు, తాడు చూసేది ఒకరు. అంటే సరిగ్గా ఈ పనికే సరిపోయే ముగ్గురు ప్రతి పెద్ద బాయిలో ఉండాలని రూల్ ఎప్పుడో చెప్పింది.

బాయిలో ఫాల్ అయిన రాత్రి ఆ ముగ్గురినీ లేపి తీసుకొస్తున్నారా, లేక తెల్లారి రిజిస్టర్‌లో సంతకం ఒక్కటే పెట్టిస్తున్నారా? సంఘాల ఎన్నికలప్పుడు క్యాంటీన్, క్వార్టర్లు, మెడికల్ బోర్డు, డిపెండెంట్ ఉద్యోగాల మీద గంటల తరబడి గేట్ మీటింగ్‌లు నడుస్తాయి. అవన్నీ అవసరమే. కానీ రికవరీ ప్లాన్ రాతలో ఉండాలి, తాడు తగిలించే ముందు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ చూసి 'సరే' అనాలి, ఆయన 'వద్దు' అంటే పని ఆగాలి అన్న డిమాండ్ గేట్ మీటింగ్‌లో పెద్దగా వినిపించదు.

నాలుగు ప్రాణాలు పోయిన శ్రీరాంపూర్‌లో అయినా ఆ మాట మొదట రావాలి. ఎందుకంటే రేపు ఎక్కడో ఒక లెవల్‌లో బండ కూలి లోడర్ ఇరుక్కుంటే, ఫస్ట్ షిఫ్ట్ మస్టర్ పడగానే పిలుపు వెళ్లేది టింబర్‌మన్‌కే.